జారిన స్వరం

మా తమ్ముడి ఎడమచేతి మీద షట్టర్ పడింది వానలు మొదలైన వారంలోనే. వాడూ వాడి బ్యాండు వాళ్ళూ కలిసి పాటలు సాధన చేసుకునే పాత గోడౌన్ అది. జల్లు లోపలికి కొడుతోందని షట్టర్‌ను కొంచెం కిందికి లాగబోయాడు. స్ప్రింగు తెగి, అంత ఇనుమూ ఒక్కసారిగా దిగింది. బొటనవేలూ చూపుడువేలూ పక్కకి ఉండబట్టి బతికిపోయాయి. మిగతా మూడూ నలిగిపోయాయి. ఆపరేషన్ చేసి వేళ్ళనైతే నిలబెట్టారు గాని, అవి మునుపటిలా వంగవని డాక్టరు ముందే చెప్పేశాడు.

మా అమ్మ అదే ఆస్పత్రిలో హెడ్ నర్సు. వాడికి కట్లు తనే మార్చింది. కళ్ళనీళ్ళు పెట్టుకోవడం నేను చూడలేదు. "చెయ్యి పోలేదు. కదలిక పోయింది. కసరత్తు చేస్తే కొంతైనా వస్తుంది," అని ఒక రబ్బరు బంతి తెచ్చి వాడి పక్కన పెట్టింది. వాడు దాని వంక చూడను కూడా చూడలేదు.

గిటారు మీద మెట్లు నొక్కాల్సింది ఆ చెయ్యే. అందుకని ఇక ఆ మాట ఎత్తే పని లేదని మేమందరం ఎవరికి వాళ్ళం అనుకున్నాం. వాడు ఇంటికొచ్చాక హాల్లో కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. తింటావా అంటే ఊఁ, వద్దా అన్నా ఊఁ. గిటారుకి అమ్మ ఒక దుప్పటి చుట్టి బీరువా పక్కన నిలబెట్టింది. దుప్పటి కప్పుకుని ఇంకొక మనిషి మాతోపాటు ఆ గదిలో నిలబడ్డట్టు ఉండేది.

ఒక సాయంత్రం వాడు మొహం కిటికీవైపు పెట్టి, "అమ్మా, దాన్ని ఎవరికైనా ఇచ్చెయ్యి," అన్నాడు.

"ఎవరికిమ్మంటావురా?"

"ఎవరికైనా."

అమ్మ నావైపు చూసింది. "నాకిచ్చెయ్. నేను నేర్చుకుంటా," అన్నాను.

"నువ్వా?" అంది అమ్మ. "స్కూల్లో ప్రార్థనకి నిన్ను వెనక వరసలో నిలబెట్టి, పెదాలు మాత్రం ఆడించమనేవాళ్ళు కదే!"

ఎందుకన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. వాడిమీద జాలితో అన్నానని అందరూ అనుకున్నారు. అది కొంత నిజం. ఆ గిటారు లేని ఇల్లు ఎలా ఉంటుందో తలచుకుంటే నాకే ఊపిరాడకపోవడం మిగతా నిజం. వాడు తలుపు వేసుకుని వాయించుకుంటుంటే అవతలి గదిలో పడుకుని వినడం నాకు ఎన్నో ఏళ్ళ అలవాటు. అది వాడికి ఎప్పుడూ చెప్పలేదు.

నేను కోర్టులో స్టెనోని. సాక్షి ఏమంటే అది, జడ్జిగారు ఏం చెబితే అది, ఉన్నది ఉన్నట్టు దించడం నా ఉద్యోగం. నా సొంత మాట ఒక్కటి అందులో పడితే తప్పు. ఆ చేతులతోనే ఫోనులో పాఠాలు చూస్తూ గిటారు మొదలుపెట్టాను. ఎడమచేతి వేళ్ళ కొసలు మొదట ఎర్రబడ్డాయి, తర్వాత బొబ్బలెక్కాయి, తర్వాత మొద్దుబారాయి. కోర్టులో కీబోర్డు తాకితే కొసలు చుర్రుమనేవి. ఇంట్లోనైతే నా చప్పుడుకి కింది వాటా ఆవిడ మెట్లెక్కి వచ్చి, "ఏదైనా రిపేరు జరుగుతోందా?" అని మర్యాదగా అడిగి వెళ్ళింది.

వాడు కొన్నాళ్ళు ఓర్చుకున్నాడు. ఒకరోజు ఇక ఓర్చుకోలేకపోయాడు.

"ఆ మూడో తీగ శ్రుతిలో లేదు! చెవులున్నాయా నీకు?"

కుర్చీలోంచి లేచొచ్చి, కుడిచేత్తో మర తిప్పి, తీగ మీటి, మళ్ళీ తిప్పాడు. "ఇప్పుడు వాయించు," అన్నాడు. వాయించాను. "అబ్బ, ఆపు," అన్నాడు. అమ్మ వంటింట్లోంచి తొంగిచూసి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ లోపలికి పోయింది. ప్రమాదం జరిగాక వాడు అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం అదే మొదలు.

ఆ రోజునుంచి నేను కోర్టునుంచి రాగానే పాఠం. పాటలు వద్దన్నాడు. కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మీటే కార్డ్స్ కూడా తర్వాత చూద్దామన్నాడు. గిటారు మెడమీద ఒకచోట నా వేళ్ళు పెట్టించి, "ఇక్కడ అయిదు స్వరాలున్నాయి. వాటితో నీ ఇష్టం వచ్చింది వాయించుకో. వెనకాల నేను తాళం వేస్తా. ఏది పట్టుకున్నా తప్పు రాదు," అన్నాడు.

"తప్పే రాకపోతే ఒప్పు ఎట్లా తెలుస్తుందిరా?"

"అదే నేర్చుకోవాల్సింది."

అయిదు స్వరాలనూ కిందినుంచి పైకి, పైనుంచి కిందికి, ఒక్కటీ వదలకుండా, సమానంగా వాయించాను. నాకైతే చక్కగా ఉందనిపించింది. వాడు కళ్ళు మూసుకుని విని, "అక్కా, నువ్వు వాయించట్లేదు. టైపు కొడుతున్నావ్," అన్నాడు.

నాకు రోషం వచ్చింది. "మరి నువ్వు చెప్పు, ఏది వాయించాలో. అదే వాయిస్తా."

"నేను చెప్తే అది నాది. నీది కావాలి."

నాది అంటే ఏమిటో నాకు అర్థం కాలేదు. చెయ్యి ఆగిపోయేది. అయిదు స్వరాలు కళ్ళముందున్నాయి, ఏది ముందు, ఏది వెనక అని ఎవరో ఒకరు చెబితే బాగుండునని దిక్కులు చూసేదాన్ని. వాడు విసుక్కునేవాడు. కాసేపటికి, "సరే, రెండే రెండు స్వరాలు తీసుకో," అనేవాడు. "ముందు నోటితో అను. అనలేనిది వాయించకు. ఒకటి అన్నాక ఊపిరి తీసుకో. ఊరికే గబగబా నింపుకుంటూ పోకు, ఎవరూ పారిపోవట్లేదు."

ఒకరోజు మేము అలా తంటాలు పడుతుండగా వాన మొదలైంది. అమ్మ స్నానాలగదిలోంచి కేకేసింది. "ఏమే, గుడ్డలు తీశారా, వానొస్తోందీ!"

వాడు చెయ్యెత్తాడు. "అది వాయించు."

"ఏది?"

"అమ్మ అన్నది. మాటలు కాదు, దాని నడక. మొదట కిందనే ఉంది. 'గుడ్డలు' దగ్గర గుచ్చింది. చివర్లో పైకి సాగింది చూడు, అక్కడ తీగని పైకి తొయ్యి."

వేలితో తీగను పక్కకి తోస్తే స్వరం పైకి జరుగుతుంది. ఎంత తోయాలో చెవే చెప్పాలి. కొంచెం తోస్తే సగంలో మూలుగుతుంది, ఎక్కువ తోస్తే కీచుమంటుంది. అయిదారుసార్లు తోశాక, నిజంగానే అమ్మ అరుపులాంటిది ఒకటి బయటికొచ్చింది. ఇద్దరం పగలబడి నవ్వాం. అమ్మ తల తుడుచుకుంటూ వచ్చి, "నన్ను వెక్కిరించడం అయ్యిందా? గుడ్డలన్నీ తడిసిపోయాయి," అంది. ఆవిడ కూడా నవ్వుతూనే ఉంది.

ఆ తర్వాత మా ఇంట్లో ఎవరేమన్నా పాఠం అయిపోయింది. కింది వాటా ఆవిడ 'రిపేరు జరుగుతోందా'తో సహా. కోర్టులోనూ నాకు అదే ధ్యాస. సాక్షి "నాకు తెలియదండీ" అంటే, ఆ 'తెలియదు' ఎక్కడ మొదలై ఎక్కడ దిగిందో మనసులో తీగమీద వెతుక్కునేదాన్ని. ఇన్నేళ్ళుగా ఎన్ని 'తెలియదు'లు రాశానో. అన్నీ కాగితం మీద ఒకేలా ఉన్నాయి. అవి ఒక్కటి కూడా ఒకేలా లేవని అప్పుడు గమనించాను.

వానలు సగం అయ్యాక వాడి బ్యాండులో డ్రమ్ములు వాయించేవాడు వచ్చాడు. అందరూ వాణ్ణి బస్తా అంటారు, కూర్చుంటే కదలడు కాబట్టి. గొడుగు గుమ్మం బయట పెట్టి, లోపలికొచ్చి, మా తమ్ముడి చేతివైపు చూడకుండా ఉండటానికి నానా అవస్థ పడ్డాడు. ఎప్పుడూ వాయించే హోటల్లో మళ్ళీ శనివారం సాయంత్రాలు మొదలవుతున్నాయట. వేరే గిటారతను దొరికాడట.

"అన్నీ బాగానే వాయిస్తున్నాడ్రా. నీ పాట ఒక్కటే... మధ్యలో సోలో అతను ఏదో వాయిస్తాడు, అది నీది కాదు. అందుకని ఆ పాట వదిలేద్దామా అని అడగడానికొచ్చా."

ఆ పాట మా తమ్ముడు సొంతంగా కట్టింది. మాటలు లేవు. నెమ్మదిగా నడుస్తుంది. మధ్యలో వాడి సోలో, అంటే గిటారు ఒక్కటే ముందుకొచ్చి పలికే భాగం, వస్తుంది.

వాడు గిటారు వంక చూశాడు. తర్వాత, "వదలొద్దు. అక్క వాయిస్తుంది," అన్నాడు.

నేను టీ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉన్నాను. బస్తా నా మొహం చూశాడు. "అక్కా?" అన్నాడు. నాకంటే వాడే ఎక్కువ కంగారుపడ్డాడు.

"ఆ ఒక్క సోలోనే. అది అయిదు స్వరాల్లోనే ఉంది. నేను నేర్పిస్తా."

ఆ సాయంత్రంతో మా పాఠం తీరు మారిపోయింది. ఇక 'నీది కావాలి' అనడం లేదు. వాడు నోటితో పాడతాడు, నేను దించాలి. "ఇక్కడ రెండో తీగ, ఇంత తొయ్యి, వణికించు, చాలు. ఇక్కడ ఆగు. కాదు, ఇంకాస్త." సరిగ్గా నాకు వచ్చిన పనే అది. చెప్పింది చెప్పినట్టు దించడంలో నన్ను మించినవాళ్ళు మా కోర్టులో లేరు. కొద్ది రోజుల్లోనే సోలో మొత్తం నా వేళ్ళకి ఎక్కింది. వాడి మొహం వెలిగిపోయేది. స్పీకర్ పెట్టె కూడా బయటికి తీశాడు. నేను వాయిస్తుంటే ఎదురుగా కూర్చుని, పెదాలతో ఒక్కొక్క స్వరమే లెక్కపెట్టినట్టు అనుకునేవాడు. ఎడమచెయ్యి మాత్రం జేబులో ఉండేది.

నాకూ సంతోషంగానే ఉంది. ఇల్లు మళ్ళీ ఇల్లులా ఉంది. ఒక ఆదివారం వంటింట్లో అమ్మ అంట్లు కడుగుతూ అడిగింది.

"వాడు బంతి పట్టుకుని ఎన్నాళ్ళయిందో చూశావా?"

"నేను చెప్తాలే."

"చెప్పకు. నేను చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. ఫిజియోథెరపీకి కూడా పోవట్లేదట. అక్కడ కసరత్తు చేయించే ఆవిడే నన్ను వార్డులో ఆపి చెప్పింది. ఇప్పుడు కదిలించకపోతే ఆ వేళ్ళు ఇక అట్లాగే బిగుసుకుపోతాయే."

"హుషారుగానే ఉన్నాడు కదమ్మా."

"ఆ హుషారు చూసే నేనూ ఊరుకున్నా. మొన్న నువ్వు వాయిస్తుంటే గుమ్మంలో నిలబడ్డాను. వాడు నిన్ను చూడట్లేదు. నీ చెయ్యి చూస్తున్నాడు. అదే తన చెయ్యి అనుకుంటున్నాడు. నువ్వు బాగా వాయించేకొద్దీ వాడు తన చెయ్యి మర్చిపోతున్నాడు."

"మరి ఏం చెయ్యమంటావ్? మానెయ్యనా?"

"నాకేం తెలుసే? కట్లు కట్టమంటే కడతాను," అని గిన్నె బోర్లించింది.

నేను మానలేదు. వాడి మొహంలో ఆ వెలుగు తీసెయ్యడానికి నాకు ధైర్యం చాలలేదు. కానీ అమ్మ అన్నాక, వాయిస్తున్నప్పుడు వాడి చూపు నా వేళ్ళమీద బరువుగా తెలిసేది.

శనివారం సాయంత్రం మేం వాయించింది హోటల్లోని పొడుగాటి హాల్లో. అద్దాల కిటికీలు వాన ఆవిరికి మసకబారి ఉన్నాయి. జనం భోజనాలు చేస్తూ మాట్లాడుకుంటున్నారు. చెంచాల చప్పుడు, పిల్లల గోల. ఎవరూ మా కోసం రాలేదని తెలిశాక కాస్త ధైర్యం వచ్చింది. మా తమ్ముడూ అమ్మా ముందు బల్ల దగ్గర కూర్చున్నారు. వాడి పాట వంతు రాగానే కొత్త గిటారతను పక్కకి జరిగి నాకు చోటిచ్చాడు. బస్తా నావైపు చూసి తలూపి తాళం ఎత్తుకున్నాడు.

మొదటి భాగం వాడు చెప్పింది చెప్పినట్టే వాయించాను. వాడు కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతున్నాడు. సగం దాటాక ఒక పెద్ద స్వరం ఉంది. తీగను బాగా పైకి తోసి అక్కడ నిలబెట్టాలి. మిగతాదంతా దానిమీద ఆధారపడి దిగుతుంది. తోశాను. వేలికి చెమట పట్టి ఉంది. తీగ సగంలో జారిపోయింది. స్వరం పైకి వెళ్ళబోయి, వెళ్ళలేక, కిందికి కూలబడింది.

మా తమ్ముడు కళ్ళు తెరిచాడు. ఎవరో తన చెయ్యి నొక్కినట్టు మొహం ముడుచుకుంది.

ఆ తర్వాత ఏం రావాలో నాకు గుర్తుంది. కానీ ఆ కూలిన స్వరం తర్వాత అది అతకదు. తాళం నడుస్తూనే ఉంది. నేను ఆగాను. ఎంతసేపో తెలియదు, నాకైతే చాలాసేపనిపించింది. బస్తా నావైపు చూసి చప్పుడు తగ్గించాడు. నేను ఊపిరి తీసుకుని, అదే తీగను మళ్ళీ తోశాను. ఈసారి కావాలనే సగంలో వదిలేశాను. అది ఇంకొంచెం నెమ్మదిగా కూలింది. మళ్ళీ ఆగాను. బస్తా చిన్నగా ఒక దెబ్బ వేసి ఊరుకున్నాడు, సరే, చెప్పు అన్నట్టు. మూడోసారి తోశాను. నెమ్మదిగా, వేలు నొప్పెడుతున్నా వదలకుండా. స్వరం ఎక్కింది. పూర్తిగా ఎక్కిందో లేదో చెప్పలేను. అక్కడ కాసేపు వణుకుతూ నిలబడింది. దిగేటప్పుడు రెండే స్వరాలు పట్టుకుని దిగాను. వాడు కట్టిన సోలోలో ఇంకా చాలా ఉంది. నేను అక్కడితో చెయ్యి తీసేశాను.

జనం భోజనాలు చేస్తూనే ఉన్నారు. ఒకాయన మాత్రం చెంచా గాల్లో పట్టుకుని మావైపు చూస్తున్నాడు. తర్వాత ఆయనా తిన్నాడు.

తిరుగు ప్రయాణంలో బస్సు ఖాళీగా ఉంది. గిటారు నా మోకాళ్ళ మధ్య. అమ్మ కిటికీకి తల ఆనించి కునుకు తీస్తోంది. చాలా స్టాపులు దాటాక వాడు అన్నాడు.

"అది నేను చెప్పింది కాదు."

"కాదు."

"మొదటిసారి జారింది. రెండోసారి కావాలనే జార్చావ్."

"అవును."

"ఎందుకు?"

"నీ దారిలోకి మళ్ళీ ఎట్లా రావాలో తెలియలేదు. జారినచోటే కాసేపు ఉందామనుకున్నా."

వాడు కిటికీవైపు తిరిగాడు. "నాకు మిగిలింది ఆ పాట ఒక్కటే. అది కూడా లేకుండా చేశావ్," అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు తేలికగా ఉండేది.

నాకు ఏడుపొచ్చింది. "నీ పాట నీ దగ్గరే ఉందిరా. నా దగ్గర ఎప్పుడూ లేదు. నేను నీకు చెయ్యిగా ఉండలేను. ఉండి చూశాను," అన్నాను. అమ్మ కళ్ళు మూసుకునే ఉంది, కానీ నిద్రపోవడం లేదని నాకు తెలుసు.

ఆ తర్వాత వాడు నాతో మాట్లాడలేదు. మళ్ళీ కిటికీ, మళ్ళీ కుర్చీ. నేను గిటారు తీసుకెళ్ళి వాడి గదిలో మంచానికి ఆనించి వచ్చేశాను. కోర్టుకి పోవడం, రావడం, తినడం, పడుకోవడం. సాయంత్రాలు చేతులు ఊరికే ఉండేవి. ఏం చెయ్యాలో తోచక గుడ్డలన్నీ ఇస్త్రీ చేశాను, దిండు గలీబులతో సహా. ఇంట్లో మళ్ళీ ఈ మౌనం నావల్లే వచ్చిందని ఉండేది. అమ్మ మాత్రం నన్ను ఒక్క మాటా అనలేదు.

వానలు తగ్గుముఖం పడుతున్న రోజుల్లో ఒకనాడు కోర్టు త్వరగా అయిపోయింది. ఇంటికొస్తే వాడి గది తలుపు తీసి ఉంది. నేలమీద పాత దుప్పటి పరిచి, దానిమీద గిటారు పడుకోబెట్టాడు. తీగలన్నీ ఊడదీసి ఉన్నాయి. విరగ్గొడుతున్నాడనుకున్నాను.

"తలుపు దగ్గర నిలబడకపోతే వచ్చి ఈ కొస పట్టుకో," అన్నాడు.

వెళ్ళి పట్టుకున్నాను. లావు తీగ ఉండాల్సిన చోట సన్నతీగ ఎక్కిస్తున్నాడు. మెడ చివర తీగలు ఆనే చిన్న పట్టీ కూడా తిప్పి అతికించి ఉంది. బస్తా వచ్చి అది చేసిపెట్టి వెళ్ళాడట. కుడి ఎడమ, ఎడమ కుడి. అప్పుడు అర్థమైంది. మెట్లు నొక్కేది ఇకమీదట కుడిచెయ్యి. మీటేది ఎడమచెయ్యి. తీగ మీటే ప్లాస్టిక్ ముక్క పట్టుకోవడానికి బొటనవేలూ చూపుడువేలూ చాలు.

"ఇది నీకు ముందే తెలుసా, ఇట్లా తిప్పొచ్చని?" అని అడిగాను.

"ఆస్పత్రిలో ఉన్నప్పుడే బస్తా చెప్పాడు. వాణ్ణి తిట్టి పంపించా." తీగ బిగిస్తూ తలెత్తలేదు. "ఇరవై ఏళ్ళు వాయించాక, మళ్ళీ మొదట్నుంచి నీలాగా కీచుకీచుమనాలా అనుకున్నా."

"నాలాగానా?"

"నీకంటే ఘోరంగా."

ఆ మాట నిజమే అయింది. తీగలు బిగించి, గిటారు అటు తిప్పి ఒళ్ళో పెట్టుకుని, కుడిచేతి వేళ్ళు మెట్లమీద పెట్టాడు. ఆ వేళ్ళకి దారి తెలియదు. ఎడమచేతిలో ముక్క రెండుసార్లు జారి కిందపడింది. మూడోసారి మీటితే బొద్దింకని తొక్కినట్టు ఒక శబ్దం వచ్చింది. వాడు నావైపు చూశాడు. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఒక్క క్షణం మొహం గంటు పెట్టుకుని, వాడూ నవ్వేశాడు.

నాకొక చిక్కు వచ్చిపడింది. ఆ గిటారు ఇక నేను వాయించలేను, అంతా తలకిందులు. నేర్చుకున్నదంతా చేతిలో అలాగే ఉండిపోయింది. బస్తా తన దగ్గర మూలపడి ఉన్న, స్పీకర్ అక్కర్లేని చెక్క గిటారొకటి తెచ్చిచ్చాడు. దాని తీగలు మొండివి, తోస్తే కదలవు. అయినా సాయంత్రాలు మళ్ళీ నిండాయి. వాడు ఫిజియోథెరపీకి పోతున్నాడు. మీటే ముక్క జారకుండా ఉండాలంటే మిగతా వేళ్ళు కూడా కాస్త వంగాలని వాడికే తెలిసింది. ఎవరూ చెప్పలేదు.

హాల్లో నేలమీద ఎదురెదురుగా కూర్చునేవాళ్ళం. వాడు నాకు ఏదీ చెప్పడం మానేశాడు. ఒక చిన్న వరస వాయిస్తాడు, తడబడుతూ. నేను కాసేపు ఆగి నాకు తోచింది అంటాను. కొన్నిసార్లు అతుకుతుంది. చాలాసార్లు అతకదు. అతకకపోతే ఇంకొకటి అంటాం.

వాన పూర్తిగా వెలిసిన ఒక సాయంత్రం అమ్మ డ్యూటీకి బయల్దేరింది. యూనిఫాం వేసుకుని, చెప్పులు తొడుక్కుంటూ గుమ్మంలో కాసేపు నిలబడి మమ్మల్ని వింది. కింది వాటా ఆవిడ ఇల్లు ఖాళీ చేసే ఆలోచనలో ఉందని చెప్పింది. తర్వాత, "నేను పోతున్నా. మీ ఇద్దరిలో ఎవరు ఎక్కువ అధ్వాన్నంగా వాయిస్తున్నారో వాళ్ళు లేచి తలుపేసుకోండి," అంది.

ఇద్దరం ఒకేసారి లేచాం.